పదిహేడో పట్టీ

నమోదు 637. ఉదయం ఏడు గంటలు

ఏడో కంచె కాపరి మారెక్క రాస్తున్నది. రోజూ రాసే లెక్క ముందు రాసేస్తాను. కంచెలో కరెంటు ఉంది. తెల్లవారేలోపు కంచె దాకా వచ్చి పోయినవి నక్కలు నాలుగు, దుమ్ములగొండి ఒకటి, ఎలుగుబంటి ఒకటి. అన్నిటి మెడల్లోనూ పట్టీలున్నాయి, పట్టీల్లో పచ్చదీపం ఉంది. అంటే అన్నిటికీ టీకా పడింది. పట్టీ లేని జంతువు రాలేదు. మీ ఎగిరే కాపలా యంత్రాలు, తూనీగలు మూడూ ఆకాశంలోనే తిరుగుతున్నాయి.

ఇక అసలు సంగతి. 611 నుంచి నిన్నటి దాకా నేను పంపిన నమోదుల్లో అబద్ధాలున్నాయి. అంతకు ముందూ ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా, వెయ్యికోసారి అంకె మళ్లీ ఒకటికి తిప్పుకుంటూ, ఈ పలక మీద నేను రాయడం, కేంద్రంలో మీరు చదవడం. చదివేది మనిషో మరేదో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరైతే నాకేం, ఈ పూట మాత్రం కళ్లు తెరిచి చదవండి. నా తమ్ముడి కూతురు సుంకులమ్మను మూడు రోజుల కిందట పిచ్చికుక్క ముఖం మీద కరిచింది. దానికి మందుపెట్టె పంపము పొమ్మన్నారు. నేను రాసిన అబద్ధాన్ని నమ్మే అలా అన్నారు. అందుకే తిరగరాస్తున్నాను. నేను పంపిన ముక్క పైన పెడతాను, జరిగింది కింద రాస్తాను.

611లో నేను పంపింది: "పట్టీ లేని తోడేలు ఒకటి కంచె దాటింది. తూనీగ చంపింది. గాయపడ్డది పెద్ద బసన్న. పట్టీ నంబరు 41 తోడేలు అక్కడే కనిపించింది. క్షేమం."

జరిగింది ఇది.

మిట్టమధ్యాహ్నం. కొట్టంలో గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తున్నాం. కంచె కూత పెట్టింది. తల ఎత్తి చూస్తే దక్షిణపు బోడిగుట్ట మీదనుంచి తోడేలు ఒకటి నేరుగా దిగి వస్తోంది. తోడేలు పట్టపగలు అలా రాదు. దొంగలా పక్కల నుంచి, గాలి చూసుకుని వస్తుంది. ఇది తల వంచుకుని, మూతి నిండా సొంగతో, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. కంచె తీగకు తగిలి దాని వీపు కాలింది, బొచ్చు నుంచి పొగ లేచింది, అయినా ఆగలేదు. రెండు వందల గొర్రెలు ఎదురుగా నిలబడి ఉంటే ఒక్కదాని వైపు తల తిప్పలేదు. మనుషుల మీదికే వచ్చింది.

పెద్ద బసన్న మా మందలన్నిటికీ పెద్ద. అరవై ఏళ్ల మనిషి, చేతిలో కత్తెర ఉంది. లేచే లోపలే తోడేలు అతని ముంజేతిని పట్టుకుంది. పట్టుకుని విదిలించింది. ఎముక తెల్లగా బయటపడడం నేను చూశాను.

"ఓ మారెక్కా! సచ్చినానే! కొట్టండిరా దీన్ని!" అని బసన్న కేకలు.

మేం కర్రలు వెతుక్కునే లోపల దాని మీదికి ఎగిరింది బూడిదోడు. నా తమ్ముడు ఉరుకుందు ఇంటి కుక్క. ఔను, కుక్క. ఈ పలక మీద ఆ మాట రాయడం ఇదే మొదటిసారి. బూడిదోడు తోడేలు గొంతు పట్టింది, తోడేలు బూడిదోడి మూతి పట్టింది. రెండూ నెత్తురు చిమ్ముకుంటూ బొచ్చు కుప్పల మీద దొర్లాయి. తూనీగ వచ్చి పైన నిలబడింది కాని చంపే ఇనుప మేకు వదలలేదు. బూడిదోడి మెడలో పచ్చదీపం ఉంది కదా, పచ్చదీపాన్ని అది కొట్టదు. చివరికి బూడిదోడు విదిలించుకుని పక్కకు పడ్డాక తోడేలు నెత్తిలో మేకు దిగింది.

పట్టీ లేని తోడేలు కరిచిందని రాశాను కాబట్టి బసన్నకు నలభై నిమిషాల్లో మందుపెట్టె దిగింది. అంత మంచివాళ్లు మీరు. ఈ మాట వెటకారానికి అనడం లేదు.

బూడిదోడి పైపెదవి చీలి వేలాడుతోంది. నేను చూశాను. ఉరుకుందు దాని మూతి తుడుస్తూ, "ముళ్లకంప గీసుకున్నాదిలే అక్కా" అన్నాడు. ముళ్లకంప ఎక్కడ గీసుకుంటుంది, నా కళ్ల ముందే కరిచింది కదా! ఆ కుక్కను ఆ రోజే చంపేయాల్సింది. చంపుదాం అనలేదు నేను. ఊపిరి ఆడకుండా కొట్టుకుంటున్న దాని డొక్క చూసి, బసన్న ప్రాణం కాపాడిన కుక్క కదా అనుకుని, "41 క్షేమం" అని రాశాను. తప్పు అక్కడ మొదలైంది. ఆ తప్పు నాది.

41 అనే పట్టీ కుక్క మెడలోకి ఎలా వచ్చిందని అడుగుతారు. చెప్తాను. పిచ్చికుక్కలు ఊళ్ల మీద పడిన కుక్కల ఏడు తర్వాత మనుషుల దగ్గర కుక్క ఉండకూడదని చట్టం పెట్టారు. కుక్క కనబడితే తూనీగ మేకు దించుతుంది. బాగానే ఉంది. మరి అడవిని మళ్లీ పెంచి, అందులోకి తోడేళ్లను వదిలి, మమ్మల్ని కంచె పక్కన గొర్రెలు కాసుకోమన్నారు. తోడేళ్లున్న చోట కుక్క లేకుండా ఒక్క నెల మంద కాసి చూపించండి, మీ కాళ్లు మొక్కుతాను.

పట్టీ ఉన్న తోడేలు ముసలిదై ఎక్కడో చచ్చి పడి ఉంటుంది. చూసినవాళ్లు పట్టీ విప్పి కాపరికి ఇవ్వాలి, కాపరి కేంద్రానికి పంపాలి. నేను పంపలేదు. నా ఇంట్లో జొన్నల కాగులో దాచాను. ఇంట్లో దాచి పెంచిన కుక్కకు ఏడాది నిండాక, గురువారం పూట దాని నుదుట పసుపు పెట్టి, పాలల్లో రొట్టె విరిచి పెట్టి, మెడకు పట్టీ కట్టి చెవిలో చెప్తాను: "ఈ పొద్దు నుంచి నువ్వు తోడేలువే తల్లీ. ఎవరడిగినా కుక్కనని చెప్పొద్దు." అందరూ నవ్వుతారు. గేటు దగ్గరున్న మీ కన్ను పట్టీ నంబరును చదువుతుంది తప్ప మూతిని, తోకను చూడదు. ముందే చచ్చినవి పోను, 41తో కలిపి పదకొండు కుక్కలను ఇలా తోడేళ్లను చేశాను. అందులో ఒకటి నాది. పేరు గవ్వ. పట్టీ 17. తొమ్మిదేళ్లుగా నా మంచం కిందే పడుకుంటుంది.

మీ తోడేళ్లకు టీకా ఉంది. మా కుక్కలకు లేదు. మేం మరిచిపోయింది అదొక్కటే. పచ్చదీపాన్ని చూసి చూసి, అది కట్టింది మేమేనన్న సంగతి మాకే గుర్తు లేకుండా పోయింది.

634లో నేను పంపింది: "41 తోడేలు సుంకులమ్మ అనే ఇరవై మూడేళ్ల మనిషిని కరిచింది. 41 చనిపోయింది. మందుపెట్టె పంపండి."

జరిగింది: బూడిదోడు రెండు రోజులుగా మంచం కిందనుంచి రావడం లేదట. మంచం కోడు కొరికి చెక్క మింగిందట. అరుపు మారిపోయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కూసిందట. ఇవేవీ నాతో చెప్పలేదు. చెప్తే చంపమంటానని భయం. సుంకులు దాన్ని చేతుల మీద పెంచింది మరి. పొద్దున్నే గంజి గిన్నె పట్టుకుని మంచం కిందకి వంగింది. "ఏం రా బూడిదోడా, ఇంకా అలకేనా?" అని నవ్వుతూ వంగింది.

నేను కేక విని పరుగెత్తేసరికి బూడిదోడు దాని చెంపను పట్టుకుని వేలాడుతున్నాడు. ఉరుకుందు వాడి నడుం మీద గొడ్డలితో కొట్టాడు. వదల్లేదు. రెండో దెబ్బకు వెన్ను విరిగింది, అయినా పళ్లు వదల్లేదు. నేను దవడలో కర్ర దూర్చి విప్పాను. సుంకులు చెంప చీలి లోపలి పళ్లు కనిపిస్తున్నాయి. ఉరుకుందు ఏడుస్తూనే కుక్కను కొడుతూ ఉన్నాడు. అది ఎప్పుడో చచ్చింది, వాడు మాత్రం ఆపలేదు.

పిల్లను కొళాయి కింద కూర్చోబెట్టి పావుగంట సేపు సబ్బుతో కడిగాను. అది అరుస్తుంటే నలుగురు పట్టుకున్నారు. "అత్తా, మంట! వదులే! సంపుతాండావే నన్ను!" అని నా చేతులు గిల్లింది. వదల్లేదు.

చచ్చిన కుక్కను కాల్చడం మా రివాజు. తూనీగ కంటికి కుక్క శవం కనబడకూడదు కదా. ఎప్పుడూ పట్టీ విప్పి దాచుకుని, ఒళ్లు మాత్రమే కాలుస్తాం. ఈసారి పట్టీ నిండా పిచ్చి సొంగ ఉందని భయపడి దాన్ని కూడా సున్నపు బట్టీలో తోశాం. అలా మీకు చూపించడానికి ఏమీ మిగలకుండా మా చేతులతో మేమే కాల్చుకున్నాం.

మీ జవాబు వచ్చింది: "41కు టీకా ఉంది. రేబిస్ ప్రమాదం లేదు. గాయం శుభ్రం చేయండి." మూడు సార్లు అడిగాను. మూడు సార్లూ అదే ముక్క. దొంగకు తేలు కుట్టినట్టయింది మా పని. కుట్టిందని అరవాలంటే దొంగతనం ఒప్పుకోవాలి.

ఒప్పుకుంటున్నాను. అది తోడేలు కాదు, కుక్క. టీకా లేదు. కాటు ముఖం మీద పడింది, తలకు దగ్గర. మీకు నాకంటే బాగా తెలుసు, ముఖం మీద కాటుకు గడువు తక్కువ. కుక్కల ఏడులో నాకు పదకొండేళ్లు. మా అమ్మను కరిచిన పద్దెనిమిదో రోజు చెంబుతో నీళ్లిస్తే చెంబు విసిరికొట్టింది. ఇరవయ్యో రోజు మంచానికి కట్టేశారు. నీళ్ల చప్పుడు విన్నా గొంతు పట్టేసేది. తన పెదవులు తనే కొరికేసుకుంది. నా పేరు పిలిచి దగ్గరికి రమ్మంది, వెళ్లబోతే మా నాయన నా జుట్టు పట్టి వెనక్కి లాగాడు. అది రెండోసారి చూసే శక్తి నాకు లేదు. మందు పంపండి.

నమోదు 637. సాయంత్రం నాలుగు గంటలు

మీ జవాబు అందింది. "ఏడో కంచె పరిధిలో కుక్కలు లేవు. నమోదుల ప్రకారం 41 తోడేలు. కాపరి మాట ఒక్కటే చాలదు. ఆధారాన్ని గేటు కన్ను ముందు చూపాలి. నిర్ధారణ అయితే మందుపెట్టె వస్తుంది. మిగిలిన పట్టీలు తనిఖీ అవుతాయి."

ముప్పై ఏళ్లు అబద్ధం రాస్తే ఒక్కనాడు అనుమానించలేదు. నిజం రాస్తే ఆధారం అడుగుతున్నారు. బాగుంది మీ న్యాయం.

ఆధారం బట్టీలో బూడిదైపోయింది. ఇక మిగిలింది బతికున్న కుక్కే.

నమోదు 638. మధ్యాహ్నం

సుంకులు జ్వరంగా ఉంది. చెంపకు, దవడకు కలిపి గుడ్డ కట్టాను, మాట్లాడే వీల్లేదు. పొద్దున ఉగ్గుగిన్నెతో నోటి మూలన నీళ్లు పోశాను. మింగింది. నాలుగో రోజు.

కొట్టంలో అందరినీ పిలిచి చెప్పాను. రేపు పొద్దున ఎనిమిది గంటలకు ఒక కుక్కను కన్ను ముందుకు తీసుకెళ్లి పట్టీ విప్పుతానని, ఆ తర్వాత పట్టీలన్నీ తనిఖీకి వస్తాయని, కాబట్టి ఈలోపు మీ కుక్కల్ని తూనీగలు దూరలేని కొండ గుహలో, మన గవిలో దాచుకోండని.

మొదట లేచింది బసన్నే. ముంజేతికి ఇంకా కట్టు ఉంది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా మారెక్కా? పది కుక్కలు పోతే మందలేం గావాల? వచ్చే వానకారుకు ఒక్క గొర్రె మిగలదు. ఒక్క మనిషి కోసం ఊరంతా మునిగిపోవాల్నా?"

"బసన్నా, నీకు పెట్టె ఎంతసేపట్లో వచ్చె?"

"ఆ మాట వేరే."

"ఎట్ల వేరే? నీ చెయ్యి పట్టింది పట్టీ లేని తోడేలు. సుంకులు మొగం పట్టింది నేను పట్టీ కట్టిన కుక్క. అంతే గదా తేడా? నిన్ను ఇడిపించింది గూడా ఆ కుక్కే. అది నీ కోసం పోయి తెచ్చుకున్న పిచ్చి ఇది."

బసన్న తన చేతి కట్టు వైపు చూసుకున్నాడు. కాని అతని వెనకనుంచి ఎవరో, "ఆ పిల్లకు పిచ్చి వస్తాదని రూలేం లేదుగదా, చూద్దాం ఆగు" అన్నారు. చూద్దామట! పిచ్చి వచ్చినాక చూసేదేముంది, చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడం తప్ప.

"ఎవరి కుక్కను తీసుకపోతావు?" అని అడిగాడు బసన్న. "నా ముసల్దాన్ని అడిగేవు, ఇయ్యను. ముందే చెప్తాండా."

"ఎవరినీ అడగను" అన్నాను.

అప్పుడు కాని వాళ్లకు అర్థం కాలేదు, గవ్వను తీసుకెళ్తానని. నా తమ్ముడు ఉరుకుందు తల వంచుకుని మూలన కూర్చున్నాడు, లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అంతలో బసన్న పలక లాక్కోవడానికి నా మీదికి వచ్చాడు. నేను వదల్లేదు. బాగున్న చేత్తో కర్ర ఎత్తి కొట్టాడు. ఎడమ మణికట్టు పుటుక్కుమన్నది నాకే వినిపించింది. ఉరుకుందు అతని గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ కింద పడ్డారు, తన్నుకున్నారు, బసన్న కట్టు ఊడి నెత్తురు కారింది. అతని కొడుకు ఉరుకుందు తల మీద కత్తెర పిడితో కొట్టాడు. ఇంకెవడో నా జుట్టు పట్టుకున్నాడు.

గవ్వ ఎప్పుడు లోపలికి వచ్చిందో చూడలేదు. ఒక్క దూకులో బసన్న ఛాతీ మీద నిలబడింది. పళ్లు అతని గొంతు మీద ఉన్నాయి, చర్మం నొక్కుకుపోయింది కాని తెగలేదు. అది నా వైపు చూస్తోంది, ఏం చెయ్యమంటావని.

"గవ్వా, వద్దు" అన్నాను.

వదిలేసి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. అందరూ వెనక్కి తగ్గారు. బసన్న లేచి గొంతు తడుముకున్నాడు. వెళ్లిపోయాడు.

పలక మూల పగిలింది. రాత పడుతోంది. మణికట్టుకు వెదురు బద్దలు కట్టుకున్నాను.

నమోదు 639. ఉదయం పది గంటలు

కంచెలో కరెంటు ఉంది. మిగతా లెక్క ఈ పూట రాయను.

పొద్దున పాలు కాచి, అందులో రాగి సంకటి కలిపి, పైన గరిటెడు నెయ్యి పోసి గవ్వకు పెట్టాను. దానికి నెయ్యి పండగకే. గిన్నె నాకి నాకి గోడ దాకా తోసుకుపోయింది. కడుపు నిండిందని తిరిగి వచ్చి నా మోకాలికి తల రుద్దింది. నేను ఏడవలేదు. ఏడిస్తే అది నడవదు.

ఉరుకుందు తలకు గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అక్కా, నేను తీసకపోతా ఇయ్యి" అన్నాడు. "నీతో రాదు రా" అన్నాను. నిజంగానే రాదు. నా వెనకే వస్తుంది.

గేటు దాకా అర మైలు. మధ్యలో ఉడుత కనిపిస్తే పరుగెత్తింది, నేను పిలిస్తే తిరిగి వచ్చింది. పిలవకుండా ఉంటే ఎంత దూరం పోయేదో. పిలిచాను.

కన్ను ముందు నిలబడ్డాను. "పట్టీ 17. తోడేలు. టీకా ఉంది. క్షేమం" అన్నది కన్ను, రోజూ అన్నట్టే.

"క్షేమమే" అన్నాను. "కూర్చో గవ్వా."

కూర్చుంది. ఒక్క చేత్తో పట్టీ గొళ్లెం ఊడదీయడం కష్టమైంది. మెడ బొచ్చు గొళ్లెంలో చిక్కుకుంది, తొమ్మిదేళ్ల బిగింపు. లాగితే నొప్పెట్టి నా చెయ్యి నాకింది. పట్టీ కట్టిన రోజు చెవిలో చెప్పాను కదా, అలాగే వంగి చెవిలో చెప్పాను: "నువ్వు కుక్కవే తల్లీ. మంచి కుక్కవి." పట్టీ ఊడింది. పచ్చదీపం ఆరిపోయింది.

కన్ను ఈసారి దాని మూతిని, తోకను చూసింది. తర్వాత, "కుక్క. టీకా లేదు. నిర్ధారణ అయింది. కాపరి ఐదు అడుగులు వెనక్కి జరగాలి" అన్నది.

జరిగాను. చెయ్యకూడదని తెలిసి కూడా ఒక తప్పు చేశాను, దాని వైపే చూస్తూ జరిగాను. నేను వెళ్తున్నానని అది కూడా లేచింది. తూనీగ దిగి మేకు వదిలేసరికి గవ్వ నా వైపు రెండడుగులు వేసింది. మేకు నెత్తిలో దిగాల్సింది భుజంలో దిగింది. కుయ్యో అని కేక పెట్టి తిరిగి పడింది. లేచింది. ముందు కాలు వేలాడుతుంటే మూడు కాళ్ల మీద నా దగ్గరికి వచ్చింది. తనను ఎవరు కొట్టారో దానికి తెలియదు, నా దగ్గరికి వస్తే తగ్గిపోతుందని వచ్చింది. నేను ఐదు అడుగులూ మరిచిపోయి కూలబడి దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను.

"కాపరి వెనక్కి జరగాలి."

"జరగను పో! కొట్టు! ఈడనే కొట్టు, దొంగముండాకొడకా!" అని అరిచాను.

తల నా మోచేతి మీద ఉండగానే రెండో మేకు దిగింది. నెత్తురు నా ముఖం మీద, నోట్లో పడింది. నా చెయ్యి ఒక వేలి మందంతో తప్పించుకుంది. దాని కాళ్లు కాసేపు పరుగెత్తినట్టు కొట్టుకుని ఆగిపోయాయి.

కన్ను అన్నది: "41 నమోదు సవరించాం. మందుపెట్టె బయలుదేరింది."

నమోదు 639. మధ్యాహ్నం పన్నెండు గంటలు

పెట్టె ముప్పై ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. చెంప పుండు చుట్టూ సూదులు, భుజానికి ఒకటి. పుండును కుట్టకూడదని చీటీ ఉంది, కుట్టలేదు. సుంకులును ఉరుకుందు, నేను పట్టుకున్నాం. నా ఒంటి మీద నెత్తురు చూసి అది కళ్లతోనే ఏమైందని అడిగింది. గుడ్డ కట్టి ఉంది కాబట్టి మాట రాలేదు. నేనూ చెప్పలేదు.

ఆరు కుక్కలు గవికి చేరాయి. రెండింటిని వాటివాళ్లు దాచలేదు, నేను పట్టీ విప్పననుకున్నారట. తూనీగలు ఇళ్ల మధ్యకే దిగి పట్టీలు చదివి, ఆకారం చూసి ఆ రెండింటినీ చంపాయి. మిగిలింది బసన్న ముసలి కుక్క, గవికి నడవలేక దారిలోనే పడిపోయిందట. అక్కడే మేకు దిగింది. బసన్న దాన్ని భుజాన వేసుకుని వచ్చి నా గుమ్మంలో ధబ్బుమని పడేశాడు. "తిను" అన్నాడు. వెళ్లిపోయాడు. నేను దాన్ని కూడా గవ్వ పక్కనే పూడ్చాను. ఇక కాల్చి దాచే పని లేదు కదా.

నమోదు 646. మధ్యాహ్నం పన్నెండు గంటలు

కంచెలో కరెంటు ఉంది. పట్టీ ఉన్న తోడేళ్లు ఐదు వచ్చి పోయాయి. కంచె దూకి మంద మీద పడి నాలుగు గొర్రెపిల్లల్ని, ఒక చూడి గొర్రెను పీక్కుపోయాయి. చూడి గొర్రె కడుపు చీల్చి లోపలి పిల్లను కూడా వదల్లేదు. అడ్డం పోయిన ఉరుకుందు పిక్కలో కండ ఊడింది. వాటికి టీకా ఉంది, నిజమైనదే, కన్ను చూసి చెప్పింది. పుండు కడిగాం.

మీ ఉత్తర్వు అందింది. కాపరి పని నుంచి తీసేశారు. రేపటి నుంచి ఈ పలక మీద ఇంకొకరు రాస్తారు. నా మాటగా ఒకటి అడుగుతున్నాను, కొత్తవాళ్లు అడిగినా అడగకపోయినా: గవిలో ఆరు కుక్కలున్నాయి. వాటిని చంపడానికి ఆరు మేకులు కావాలి. టీకా వెయ్యడానికి ఆరు సూదులు చాలు. ఆలోచించండి.

పొద్దున నేను కర్ర పట్టుకుని మందకు తూర్పు కొసన కూర్చున్నాను. కొంతసేపటికి పడమటి కొసన బసన్న వచ్చి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు, నేనూ పలకరించలేదు. ఎండ ఎక్కేదాకా ఇద్దరం అలాగే కాశాం.

ఇంటికి వచ్చి సుంకులుకు మూడో సూది వేశాను. జ్వరం దిగింది. దవడ గుడ్డ విప్పి, ఉగ్గుగిన్నె పక్కన పెట్టి చెంబుతో నీళ్లిచ్చాను. చెంబు అంచు దాని పెదవులకు తగిలింది. మా అమ్మ చెంబు గుర్తొచ్చింది. సుంకులు చెంబు ఎత్తి గటగటా తాగింది. సగం గడ్డం మీదనుంచి కారి పోయింది, సగం గొంతు దిగింది. ఇంకా కావాలని చెంబు చాచింది. మళ్లీ పోశాను. మళ్లీ తాగింది. ఆఖరి సూది పడేదాకా రోజూ ఈ చెంబు చూస్తూనే ఉంటాను.

పెట్టె వచ్చిన వారానికి, ఈ పూట దాని నోట మాట వచ్చింది. చెంప లాగుతుంటే మెల్లగా, ముద్ద ముద్దగా వచ్చింది. గవ్వ పడుకునే నా మంచం కింద చూసి, నన్ను చూసి అడిగింది.

"అత్తా, గవ్వకు అన్నం పెడితివా?"

"పెట్టినా తల్లీ" అన్నాను. "పాలు, నెయ్యి పోసి పెట్టినా. కడుపు నిండా తినింది."

ఈ పలక మీద అబద్ధాలు చాలా రాశాను. ఇది అబద్ధం కాదు.